కరిగిన చుక్క

ఆఖరి సబ్‌వే రైలు
అఓబా కొండ కిందనుంచి వెళ్లిపోయాక
పన్నెండూ పదికి నా పని మొదలవుతుంది.
పగలంతా సెందాయ్ నడుస్తూనే ఉంటుంది,
ఆ అడుగుల అదురు నా సూదికి గిట్టదు.
ఇసుక పెట్టెల మీద, స్ప్రింగులకి వేలాడే ఉక్కు కుండలో
మొనకీ రాయికీ మధ్య రెండు మూడు అణువుల ఎడం.
తుమ్మొస్తే బయటికి పోయి తుమ్మాలి.

కింది అంతస్తులో కురమోచి సెత్సుకో గారు
స్ఫటికం పెంచుతుంటారు.
పెంచడమనే అంటారు, తయారీ అంటే ఒప్పుకోరు.
బిస్మత్, స్ట్రాన్షియం, కాల్షియం, రాగి
నూరి, కాల్చి, మళ్లీ నూరి
పోతపోసిన నల్ల కడ్డీలు, పైనొకటి కిందొకటి.
అద్దాల దొన్నెలు దీపాల వెలుగంతా ఒక్కచోట కుమ్మరిస్తే
నడుమ కరిగిన చుక్క.
పై కడ్డీ కుడికి తిరుగుతుంది, కింది కడ్డీ ఎడమకి.
చుక్క ఏ గిన్నెకీ ఆనదు.
గంటకి రెండు వెంట్రుకల మందం,
మూడు వారాలకి ఒక వేలు పొడవు.
అందులో నాకు దక్కేది గోరంత ముక్క.
శూన్యంలో దాన్ని అభ్రకం రేకులా చీల్చి
లోపల ఎవరున్నారో చూస్తాను.

ఉన్నది ఎలక్ట్రాన్లు.
పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే జాతి.
రాగి గడుల్లో గడికొకటి కూచుని
పక్కది తలెత్తితే తాను దించి
కదలవు, కదలనివ్వవు.
కొన్నిటిని లేపేసి చోటు చేస్తే సర్దుకుని నడుస్తాయి.
చలి ముదిరితే
ఈ సంబంధం ఎవరు కుదిర్చారో గానీ
ఎడమొహం పెడమొహంగానే
రెండేసి జత కడతాయి.
ఆ జతలన్నిటి అడుగూ ఒకటైన చోట
కరెంటు రాపిడి ఎరగదు.

సీసంలోనైతే పెళ్లిపెద్ద ఎవరో తెలుసు.
పరుపు మీద ఒకరు కూచున్న పల్లంలోకి
ఇంకొకరు జారినట్టు.
రాగి దగ్గరే నలభై ఏళ్ల పంచాయితీ.
తలెత్తడం దించడంలోనే మర్మమంతా, అంటారు హతాకెయామ గారు.
అదొక్కటే అయితే నేను టోపీ తింటాను, అంటారు సుగవారా గారు.
క్యాంటీన్‌లో ఒకే బల్ల, ఒకే సోయా సీసా,
మాటల్లేవు.
స్ఫటికం కావాలంటే మాత్రం ఇద్దరూ
కురమోచి గారి మెట్లే దిగాలి.

ఒకసారి ఆవిణ్ణే అడిగాను, ఎందుకు కలుస్తాయంటారని.
"నాకు చుక్క తెలుసు," అన్నారు
దీపం ఒక్క గీత తగ్గిస్తూ.

కొలిమి వెలిగించిన పందొమ్మిదో రాత్రి.
పైన నేను, పాత ముక్కకి కొంచెం కొంచెంగా వేడి పెంచుతూ.
తొంభై కెల్విన్లు దాటితే మాయ పోవాలి.
పోయింది.
తెర మీద మాత్రం అక్కడక్కడా లంకలు.
జత వీడలేదు, అడుగే కలవడం లేదు,
ఉత్సవంలో డోలు ఆగాక కూడా
చెయ్యి వదలని వాళ్లలా.
అవి జతలేనా?
అవునని అనుకోవాలనుంది నాకు,
అందుకే నా మాట నమ్మకండి.
పటం సగమయింది. ఇంకా రెండు రాత్రులు కావాలి.

రెండూ నలభై ఒకటికి నేల కదిలింది.
పెద్దదేం కాదు.
బీరువాలో బీకర్లు పళ్లు కొరికాయి.
సూది రాయిలో దిగబడింది.
సగం దాకా లంకలు, ఆపైన తెల్లటి గీత.

మెట్లు దూకుతూ దిగాను.
నల్లద్దం కిటికీకి మొహం ఆనించి ఆవిడ.
వెనక్కి తిరగలేదు,
అరచెయ్యి చూపించి ఆగమన్నారు.
చుక్క నడుము సన్నబడింది,
ఇంకా సన్నబడింది.
పై కడ్డీ కుడికి.
కింది కడ్డీ ఎడమకి.
ఇద్దరం ఎంతసేపు ఊపిరి బిగబట్టామో
లెక్క ఎక్కడా లేదు.
నెమ్మదిగా నిండుకుంటూ వచ్చింది.

వచ్చే మార్చికి ఆవిడ రిటైరు.
ఈ కొలిమి ముందు ఎవరు కూచుంటారో ఆఫీసువాళ్లు ఇంకా చెప్పలేదు.
లాగ్‌బుక్‌లో పెన్సిల్‌తో రాశారు:
"2:41. ఊగింది. తెగలేదు. కారణం తెలియదు."

"నీ సూదో?"
"పోయింది."
"తెల్లారేదాకా రైళ్లు లేవుగా," అన్నారు,
మళ్లీ అద్దంలోకి వంగుతూ,
"ఇంకోటి సానబెట్టు."